ఎవులికి స్పష్టం?

మొన్న ఆదివారం మా రైల్వే ఊళ్లో, నిమ్‌పురాలో ఒకరింట ప్రార్థన కూటం జరిగింది. బయటి ఊరినుంచి వచ్చిన బోధకుడు బాగానే మాట్లాడుతున్నాడు. మధ్యలో ఒకచోట, ఇది మనందరికీ స్పష్టమే కదా అని, ఆగకుండా ముందుకు సాగిపోయాడు. ఒళ్లో ఉన్న నా కుడిచెయ్యి దానంతటదే వెల్లకిలా తిరిగింది. కానుక పళ్లెం కోసం చెయ్యి చాపాననుకుందేమో, పక్కనున్నామె నా చెవి దగ్గరికి వంగి, "ఇంకా టైముందొదినా, పాట అయినాక తెస్తారు" అంది.

ఆ చెయ్యి తిప్పడం నాది కాదు, దీదీమణిది. వింటున్న మాట ఎక్కడైనా తేలిపోతున్నట్టు అనిపిస్తే ఆమె అరచెయ్యి మెల్లగా పైకి తిరిగేది, ఏదీ, ఇందులో పెట్టు చూద్దాం అన్నట్టు. ఆ తరవాత ఒకే ఒక్క మాట. "ఎవులికి?"

ఈ వానాకాలంలో ఆమె పోయింది. మా ఊళ్లో పంతులమ్మల్ని బెంగాలీవాళ్లు దీదీమణి అంటారు. ఆమె కాలేజీలో లెక్కలు చెప్పింది. వర్క్‌షాపులో ఫిట్టరు కూతురు, మా తెలుగువాళ్ల పిల్లే, అయినా తెలుగువాళ్లు కూడా దీదీమణి అనే పిలిచారు. పెళ్లి చేసుకోలేదు. మలంచాలో రోడ్డుకి కాస్త లోపలగా చిన్న ఇల్లు. వెనక గదిలో ఆమె తమ్ముడు, రిటైరైన రైల్వే గార్డు.

సంతాపసభలో మాట్లాడినవాళ్లందరూ ఆమెది ఎంతో వినయమని చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. పోయినవాళ్ల గురించి మంచిమాట చెప్పాలనుకున్నందుకు వాళ్లకు నా దండం. కానీ అది నిజం కాదు. ఆమెకు వినయం లేదు. కూరగాయల దగ్గరే లేదు. ఆమె సందులోకి కూరగాయల బండి తోలుకొచ్చే దాదా "అన్నీ టాట్కా, దీదీమణీ" అని, తాజావని నమ్మబలికినప్పుడల్లా ఆమె వంకాయలు ఒక్కొక్కటే వేలితో తడిమేది, పుచ్చుకన్నం తగిలేదాకా. తగలగానే దాన్ని అతని చేతిలో పెట్టి, బెంగాలీలో ఇలా అనేది: ఒక్కటి చాలు దాదా, నీ "అన్నీ" అబద్ధమవడానికి. అలాగని మిగతావి పారెయ్యకు, తూచు. అతను తరవాత తరవాత, "ఒకటి రెండు తప్ప అన్నీ టాట్కా" అని అరుచుకుంటూ వచ్చేవాడు. పక్క సందులో ఆడవాళ్లు నవ్వేవారు. అతని వ్యాపారం మాత్రం తగ్గలేదు.

నేను ఆమెకు ఏమవుతాను? ఏమీ కాను. ఆమె కళ్లు మధ్యలోంచి మసకబారి, చూపు అంచుల్లో మాత్రమే మిగిలిన రోజుల్లో ఒక ఆసుపత్రి వార్డులో పడుకుని ఉంది. పక్క మంచం మీద మా చర్చి ముసలామె. ఆమెకు నేను రోజూ వాక్యం చదివి వినిపించేదాన్ని. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఉబ్బసం వల్ల చిన్నప్పుడు బడికి పోలేదు. అమ్మ తెలుగూ ఎక్కాలూ నేర్పింది. ఇంగ్లీషు మాత్రం నాన్న యార్డు నుంచి తెచ్చిన పాత రైల్వే టైంటేబుల్లో నేర్చుకున్నాను, స్టేషను పేర్లూ, కింద సన్నటి అక్షరాల్లో షరతులూ. చూపులేని మా నాన్నమ్మకి రోజూ బిగ్గరగా చదవడంతో గొంతు కుదిరింది. ఆ రోజు చదవడం ముగించి లేస్తుంటే పక్క మంచం మీంచి, "ఆ సదివింది ఎవులు?" అని వినపడింది. నేనేనన్నాను. "ఒక్క మాట మింగకుండా సదివినావు. ఇంగ్లీషు సదవగలవా?" అర్థం తెలియకపోయినా చదవగలనన్నాను. "అర్థం నేను సూసుకుంటాను. నువ్వు రా."

అలా వెళ్లడం మొదలైంది. నలభై దాటిన నన్ను చివరిదాకా "గుంటా" అనే పిలిచింది. మా అమ్మ పోయాక నన్ను చిన్నపిల్లను చేసి పిలిచినవాళ్లు లేరు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. దాన్ని దాచనూ లేదు, నామీద రుద్దనూ లేదు. వెళ్లగానే నేను కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకునేదాన్ని. ఆమె కదలకుండా కూర్చునేది. కళ్లు తెరిచాక, "నీదయిందేటి? అయితే ఇంక నాది మొదలెట్టు" అనేది.

లెక్కల కాగితాలు బిగ్గరగా చదవడం మామూలు పని కాదు. మొదటిరోజు మూడు వాక్యాలకే గొంతు ఆగిపోయింది. టైంటేబుల్లో లేని అక్షరాలు. ఒకటి పాత సిగ్నల్ స్తంభంలా ఉంది, నిలువు కర్రా, పైన పక్కకు చాపిన చెయ్యీ. ఆకారం చెప్పమంది, చెప్పాను. "దాని పేరు గామా. నీకు సిగ్నలే నోటికొస్తే సిగ్నలే అను, నాకు తెలుస్తాది" అంది. గీతలుంటే అవి ఏ పక్కకు వాలాయో కూడా చెప్పాలి. ఇటు వాలిన గీత ఒక అర్థం, అటు వాలిన గీత ఇంకో అర్థం. మేమిద్దరం మాకు మాత్రమే తెలిసిన ఒక భాష చేసుకున్నాం. "సిగ్నలు, ఇటు గీత, పెద్ద జీ, అటు గీత, కే" అని నేను చదువుతుంటే గుమ్మంలో నిలబడి విన్న తమ్ముడు, కంట్రోల్ రూము మళ్లీ తెరిచినారేటని అడిగి వెళ్లిపోయాడు.

ఒకరోజు నేనే అడిగాను, ఇదంతా దేని గురించి అని. స్పెక్ట్రల్ థియరీ అనీ, గ్రూపు రిప్రజెంటేషన్లు అనీ పేర్లు చెప్పి, "పేర్లు వదిలేయ్. నిమ్‌పురా క్వార్టర్లలో పుట్టినదానివి, నీకు సెప్పడం కష్టం కాదు" అంది. ఏ క్వార్టర్ ముందు నిలబడినా అదే గేటు, అదే వరండా, అదే పక్కన కుళాయి. గంతలు కట్టి తీసుకెళ్లి వదిలేస్తే ఏ లైన్లో ఉన్నావో చెప్పలేవు. నిలబడి చూస్తే కాలనీలన్నీ ఒక్కటే. నడిస్తేనే తేడా తెలుస్తుంది. ఒక కాలనీలో కాస్త దూరం పోగానే తిరిగి నీ గుమ్మమే వస్తుంది, ఇంకో కాలనీలో ఎంత పోయినా రాదు. ఆమె వెతుకులాట అలాంటి జాగాల గురించి. చేతికందేంత మేర ఎక్కడ చూసినా ఒకటే పోలిక, మొత్తం ఆకారం మాత్రం దేనిది దానికే. ప్రతి జాగాకీ తనవైన స్వరాలుంటాయట, దాన్ని కదిపితే అవే పలుకుతాయి, వేరేవి పలకవు. ఆ స్వరాలు విని, లోపల ఏ ఏ సౌష్ఠవాలు ఎన్నేసి సార్లు కలిసి ఆ జాగాను నింపాయో చెప్పగలమా అన్నది ఆమె ప్రశ్న.

ఆమెకు పేరు తెచ్చిన ఫలితం ఒకటుంది. రెండు జాగాల్లో ఏవో కొద్ది స్వరాలు తప్ప మిగతావన్నీ కలిశాయని తెలిస్తే, ఆ కొద్దీ కూడా కలిసి తీరాలి. వాటికి తేడాగా ఉండే వీలే లేదు. నాకది ఎంతో నచ్చింది. మనుషుల్లో కూడా అంతేనేమో అన్నాను. "కాదే. మనుషుల్లో ఆ కలవని నాలుగే అసలైనవి" అంది.

సంగతి జరిగింది ఆ ఫలితం దగ్గరే.

ఆమెకు డెబ్భై అయిదు నిండుతున్నాయని సన్మానం తలపెట్టారు. తలపెట్టినవాడు ఆమె దగ్గర పరిశోధన చేసిన శిష్యుడు, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ప్రొఫెసరు. మంచివాడు. ఆమె కళ్లకు ఎక్కడ ఏ కొత్త వైద్యం వచ్చిందని విన్నా ఫోన్ చేసేవాడు. సభలో ఆమె తన పాత పని గురించి కాసేపు మాట్లాడాలన్నాడు. సరే, ఒకసారి విని గుర్తు తెచ్చుకుందామని, ఎప్పుడో అచ్చయిన ఆ వ్యాసం నా చేత చదివించుకుంటోంది. చలికాలం పొద్దు, వరండాలో ఎండ. నేను ఒక లెమ్మా, అంటే అసలు నిరూపణకు మెట్టులాంటి చిన్న ఫలితం, ముగించి, దాని కింద ఉన్న వాక్యం చదివాను. మూసివున్న జాగాలకు చేసిన వాదమే తెరిచివున్న జాగాలకూ పనిచేస్తుందన్నది స్పష్టం, అని దాని అర్థం.

ఆమె అరచెయ్యి పైకి తిరిగింది.

"మల్లీ సదువు."

చదివాను.

"ఎవులు రాసినారది?"

"మీరే కదమ్మా."

పాలవాడొచ్చి వెళ్లాడు. తరవాత తనే చెప్పింది. మూసివున్న జాగాల్లో స్వరాలు విడివిడిగా ఉంటాయి, ఒకటీ ఒకటీ తీసి పక్కన పెట్టుకోవచ్చు. తెరిచివున్నవి అలా కాదు. ఒక మూల సన్నగా సాగి ఎప్పటికీ ఆగకుండా పోతుంది. అక్కడ విడి స్వరాలతోపాటు ఎడతెగని హోరు కూడా ఉంటుంది. ఆ హోరుని ఏం చెయ్యాలో ఆ వాక్యంలో లేదు. లేదని ఆమెకు అప్పుడు తోచలేదు. అచ్చు వేసినవాళ్లకూ, తరవాత ఇన్నేళ్లూ చదివినవాళ్లకూ తోచలేదు.

"కళ్లున్నోళ్లందరం ఆ ముక్కమీంచి దూకేసినాం. నువ్వు దూకవు. ఎక్కడ దూకాలో నీకు తెలీదు కదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా చేత్తో ఆమె ఇంట్లో ఏదో పగిలినట్టు అనిపించింది. అది గ్రహించిందేమో, నా మోకాలు తట్టి, చాయ్ పెట్టమంది.

ఆ తరవాత రోజులన్నీ దాన్ని పూడ్చడానికే. నేను చదవడం, ఆమె వినడం, వేళ్లతో గాలిలో ఏదో రాసుకోవడం, చివరికి తల అడ్డంగా తిప్పడం. దొరకలేదు. ఆ మాట తప్పని తేల్చే ఉదాహరణా దొరకలేదు, నిజమని తేల్చే దారీ దొరకలేదు. మూసివున్న జాగాలకు మాత్రం పని గట్టిగానే నిలబడింది. మిగతా సగం ఏమిటో ఆమెకు తెలియదు. తెలియదనే చెప్పాలని తీర్మానించుకుంది.

ప్రొఫెసరు గారు సన్మానానికి ముందురోజే వచ్చారు. ఆమె చెప్పినదంతా తలవంచుకుని విన్నారు. ఆయన డాక్టరేటు ఆ ఫలితం మీదే నిలబడి ఉంది, ఆయన విద్యార్థుల పని ఆయన పని మీద నిలబడి ఉంది. నేను వంటగదిలోకి పోబోతే ఆమె కూర్చోమంది.

"మేడమ్, అది నిజమే అయి ఉంటుంది" అన్నారాయన. "ఎవరో ఒకరు నిరూపిస్తారు. రేపు సభలో మాత్రం వద్దు. ఈ వయసులో మీ పేరు..."

"నా పేరు దాని కింద రాసుంది బాబూ. అందుకే."

"నిజమైతే మీరు అనవసరంగా మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది కదా."

"నిజమైతే దానికి నేనెందుకు అడ్డం నిలబడాలి? అయిపోయిందనుకుంటే దాని జోలికి ఇంకెవులూ రారు. అబద్ధమైతే సచ్చినాక కూడా నేనెందుకు మొయ్యాలి?"

వెళ్లేటప్పుడు అలవాటుగా ఆమె కాళ్లకు నమస్కరించారు. గేటు దగ్గర నాతో మాత్రం, ఆమెకు కాస్త చెప్పి చూడమన్నారు. నేను చెప్పనన్నాను. పెద్దవాళ్లతో అలా అనడం నాకు అలవాటు లేదు. అయినా ఆ మాట తిన్నగా వచ్చింది. ఇప్పటికీ దానికి నేను నొచ్చుకోవడం లేదు.

సభ మలంచా రోడ్డు మీద హాల్లో జరిగింది. శాలువా కప్పారు, పూలగుత్తి ఇచ్చారు, రైల్వేవాళ్లు, కాలేజీవాళ్లు, మా తెలుగువాళ్లు, కుర్చీలు నిండిపోయాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకెళ్లి పక్కనే నిలబడ్డాను. శాలువా జారుతుంటే తీసి నాకిచ్చేసింది. ముందు ఇంగ్లీషులో, తరవాత బెంగాలీలో, సూటిగా చెప్పింది. మీరు దేనికైతే నన్ను మెచ్చుకుంటున్నారో అందులో సగానికి నా దగ్గర నిరూపణ లేదు. ఉందని రాశాను. అది తప్పు.

ముందు వరసలో ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ వెంటనే హాలంతా చప్పట్లు. ఎంత గొప్ప మనిషి, ఎంత ఒదిగి ఉందో చూడండి అని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. ఎవరో కళ్లు తుడుచుకున్నారు కూడా. నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి బిగుసుకుంది. వేదికల మీద పెద్దవాళ్లు నాకేమీ తెలియదనడం, కిందివాళ్లు చప్పట్లు కొట్టడం మనకు బాగా అలవాటు. ఆమె చెప్పినదాన్ని అదే వరసలో వేసేశారు.

చప్పట్లు తగ్గేదాకా ఆగింది. ఈసారి తెలుగులో అంది, ముందు వరసలో తన తమ్ముడు కూర్చున్నాడని తెలుసు కాబట్టి కాబోలు.

"సప్పట్లు ఆపండి. ఇది వినయం కాదు. ఇది వార్త."

తెలుగు రానివాళ్లు ఇంకా కాసేపు కొట్టారు. వచ్చినవాళ్లు ఆపేశారు. ప్రొఫెసరు గారు నేలవైపు చూస్తున్నారు. కార్యదర్శి వచ్చి మైకు తీసుకుని అల్పాహారం ఏర్పాటు చేశామని చెప్పాడు.

ఆటోలో ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "సెప్పినా వినలేదు. అచ్చులో ఉన్న తప్పుని నోటితో తుడవలేం. అచ్చులోనే తుడవాలి. రేపు పొద్దున్నే రా" అంది.

మర్నాడు ఆమె చెప్పింది, నేను రాశాను. చాలా చిన్నది. ఫలానా వ్యాసంలో ఫలానా లెమ్మా తరవాతి వాక్యానికి నా దగ్గర నిరూపణ లేదు. మూసివున్న జాగాలకు ఫలితం నిలుస్తుంది. తెరిచివున్నవాటి సంగతి నాకు తెలియదు. పత్రికకు పంపే ఏర్పాటు తెలిసినవారు ప్రొఫెసరు గారే, ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన విని, ఒక్కమాట చేర్చనివ్వండి మేడమ్ అన్నారు. చిన్న లోపం అని.

ఆమె నాతో, "సెప్పు. అది ఎంతుందో కొలిచినోళ్లు లేరు. కొలవందాన్ని సిన్నదని ఎలాగంటారు?"

చెప్పాను. చివరికి, ఉన్నది ఉన్నట్టే పంపుతానన్నారు. పంపారు. అది ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు, ఇప్పటికీ నా ప్రార్థనలో ఆయన పేరుంటుంది.

ఆ రోజుల్లో మా చర్చి ఆడవాళ్లు నన్ను అడిగేవారు, అర్థంకాని రాతలు చదివి, తప్పుల్ని బయటేసి నీకేం ఒరిగిందని. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నిజం చెప్పడానికి భయపడని మనిషి పక్కన కూర్చునే భాగ్యం నాకు ఒరిగింది. ఆమె నా దేవుణ్ణి ఒప్పుకోకపోయినా, నన్ను ఆ ఇంటికి పంపింది ఆయనే అని నేను నమ్ముతాను. ఆమె వింటే చెయ్యి తిప్పేది. తిప్పనీ.

మరుసటి చలికాలంలో ప్రొఫెసరు గారు ఫోన్ చేశారు. అచ్చయింది మేడమ్ అన్నారు, అంతే. కాగితం నా ఫోన్‌కి పంపారు. ఆమె నా చేత చదివించుకుంది, ఒకసారి మామూలుగా, ఇంకోసారి మెల్లగా. అప్పుడు లేచి, చీర మార్చుకుని, నన్ను రోడ్డుమీదికి పంపింది, కొత్త బెల్లంతో చేసే సందేశ్ మిఠాయి పెద్ద డబ్బా తెమ్మని. ఆ డబ్బా పట్టుకుని నేనూ, నా భుజం పట్టుకుని తనూ, సందులో ప్రతి గుమ్మం ముందూ ఆగాం.

"ఏ ప్రైజొచ్చింది దీదీమణీ?" అని అందరూ అడిగారు. అందరికీ ఒకటే జవాబు, తెలుగువాళ్లకు తెలుగులో, బెంగాలీవాళ్లకు బెంగాలీలో. "ప్రైజు కాదు. నేను తప్పు సేసినానని అచ్చేసినారు. తినండి."

వాళ్లు అయోమయంగా తిన్నారు. కూరగాయల దాదా రెండు తీసుకున్నాడు. చివరికి ఇంటికొచ్చేసరికి తమ్ముడు వరండాలో కూర్చుని ఉన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. సందంతా చెప్పేసిందని అప్పటికే అతని చెవిన పడింది. డబ్బా ముందు పెడితే ముట్టుకోలేదు.

"పండగ సేసుకునే సంగతేటి అప్పా ఇది? ఇన్నాళ్లు తల ఎత్తుకుని తిరిగినాం. ఇప్పుడది సూసి నలుగురూ నవ్వితే?"

ఆమె తడుముకుంటూ డబ్బాలోంచి ఒక సందేశ్ తీసి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నవ్వనీరా. నవ్వాలంటే ముందు సదవాలి కదా."